తెరమూలన హెచ్చరిక: చిత్తూరు పడమటి పట్టణాల్లో కంప్యూటర్ తాళాల చరిత్ర

కంప్యూటర్ తెర మీద కుడివైపు అడుగుమూలన, గడియారానికి కొంచెం పైన, లేత బూడిదరంగులో నిలిచిపోయే ఆంగ్ల హెచ్చరికను సాంకేతిక పరిభాషలో వాటర్‌మార్క్ అంటారు. తెరిచిన ప్రతి పేజీ మీదా, ఆడే ప్రతి సినిమా మీదా అది తేలుతూనే ఉంటుంది. కీబోర్డును, తెరను, ప్రింటరును, మిగతా ప్రోగ్రాములన్నింటినీ ఒక అదుపులో ఉంచి నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు దాని తయారీదారైన మైక్రోసాఫ్ట్ దగ్గర లైసెన్సు నమోదు కాలేదని చూసేవారికి చెప్పడమే ఆ రాత పని. లైసెన్సు అంటే ఇక్కడ యాజమాన్యం కాదు, షరతులతో కూడిన వాడకపు అనుమతి. పొలాన్ని గుత్తకు తీసుకున్న రైతుకు పంట మీద హక్కు ఉండి భూమి మీద లేనట్టే, సాఫ్ట్‌వేర్ కొన్నవారికి ఆ ఒక్క ప్రతిని వాడుకునే హక్కు ఉంటుంది గాని దాన్ని మరో యంత్రంలోకి ఎక్కించి ఇచ్చే హక్కు ఉండదు. ఈ హెచ్చరికను లైసెన్సు కొనకుండానే తెర మీద నుంచి తీసివేయడం చిన్న పట్టణాల కంప్యూటర్ దుకాణాల్లో చాలాకాలంగా ఒక మామూలు పనిగా సాగుతున్నది. అది ఎందుకు మామూలయిందో తెలియాలంటే ఆ రాత పుట్టకముందు ఆ దుకాణాల బల్లల మీద ఉన్న ఇతర తాళాల, అంటే అనుమతి లేని వాడకాన్ని అడ్డుకునే ఏర్పాట్ల, సంగతి కూడా తెలియాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు ఈ పరిశీలనకు అనువైనవి. 1911లో కడప జిల్లా నుంచీ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచీ తాలూకాలను, వాటితో పాటు పుంగనూరు వంటి జమీందారీలను చేర్చి ఏర్పరచిన చిత్తూరు జిల్లాలోనే 2022లో జిల్లాలను పునర్విభజించేదాకా ఈ మూడూ ఉండి, పత్రికల భాషలో పడమటి మండలాలుగా పేరుపడ్డాయి. రాష్ట్ర రాజధానిగా ఉన్నకాలమంతా హైదరాబాదు వీటికి దూరమే. బెంగళూరు మాత్రం మదనపల్లెకూ కుప్పానికీ మూడు గంటల ప్రయాణంలోపే ఉంటుంది. అందువల్ల కంప్యూటర్ విడిభాగాలకు ఈ ప్రాంతానికి సహజమైన టోకు బజారు సికింద్రాబాదులోని చినాయ్ ట్రేడ్ సెంటర్ కాక, బెంగళూరు సదర్ పత్రప్ప రోడ్డు, అంటే ఎస్పీ రోడ్డు, దాని తర్వాత చెన్నై రిచీ స్ట్రీటు. ఈ బజార్ల నుంచి మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్‌డిస్క్, క్యాబినెట్ విడివిడిగా తెచ్చి ఊళ్లో బిగించి అమ్మే యంత్రాన్ని అసెంబుల్డ్ సిస్టమ్ అంటారు. ఆ బిగింపులో పెట్టె ఉంటుంది, మానిటరు ఉంటుంది, వాటికి బిల్లు కూడా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం బిల్లులో కనిపించని సరుకుగా, దుకాణదారుడు ఉచితంగా 'వేసి ఇచ్చే' వస్తువుగా వచ్చింది. ఈ చరిత్రలో తర్వాతి చిక్కులన్నీ ఆ ఒక్క అలవాటు నుంచి పుట్టినవే.

చట్టం దృష్టిలో ఆ కనిపించని సరుకు ఒక సాహిత్య కృతి. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించినప్పుడు, సాహిత్య కృతి అనే నిర్వచనంలో కథలు, కవితలతో పాటు కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా చేర్చారు. మదనపల్లె చరిత్ర తెలిసినవారికి ఇందులో ఒక విచిత్రం కనిపించక మానదు. అనీ బిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యంలో ఉన్న రోజుల్లోనే జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి కూర్చారు. టాగోర్ 1941లో మరణించారు గనుక అప్పటి చట్టం ప్రకారం యాభై ఏళ్ల హక్కు 1991 చివరికి ముగియవలసి ఉండగా, ఆయన రచనల హక్కు విశ్వభారతి చేజారకుండా ఉండడానికి దేశమంతటికీ వర్తించేలా ఆ గడువును అరవై ఏళ్లకు పెంచారు. పెంచిన గడువు 2001 డిసెంబరు 31తో ముగిసి ఆ అనువాదం అందరి సొత్తు అయింది. సరిగ్గా ఆ ఏడాదే, అక్టోబరు 25న, ప్రతి యంత్రమూ తయారీదారు సర్వరుతో మాట్లాడి అనుమతి తెచ్చుకోవాలన్న షరతుతో విండోస్ ఎక్స్‌పీ విడుదలైంది. ఒక సాహిత్య కృతి తాళం తెరుచుకున్న ఏడాదే ఇంకో రకం సాహిత్య కృతికి మునుపెన్నడూ లేనంత గట్టి తాళం పడింది.

అంతకుముందు తాళమంటూ పెద్దగా లేదు. సాఫ్ట్‌వేర్‌ను డబ్బు ఇవ్వకుండా నకలు చేసుకోవడం దొంగతనమేనని బిల్ గేట్స్ 1976 ఫిబ్రవరిలో అమెరికా ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాసినా, విండోస్ 95, 98 కాలంలో పెట్టె మీద ముద్రించిన అంకెలు, అక్షరాల వరుసను, అంటే ప్రొడక్ట్ కీని, టైపు చేస్తే చాలేది. అదే కీని వేరే యంత్రంలో కొట్టినా కంపెనీకి తెలిసే మార్గం ఉండేది కాదు. భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టులో, చిన్న పట్టణాలకు అది చేరేసరికి మరికొన్నేళ్లు పట్టింది. ఇంటర్నెట్ లేని ఊళ్లో ఒక సీడీ, దాని కవరు మీద పెన్నుతో రాసుకున్న ఒక కీ ఉంటే ఎన్ని సిస్టమ్‌లకైనా విండోస్ ఎక్కించవచ్చు. యంత్రం మొరాయిస్తే మళ్లీ అంతా తుడిచి కొత్తగా ఎక్కించడాన్ని దుకాణాల భాషలో 'ఫార్మాట్ కొట్టడం' అంటారు. మెకానిక్కులు కూలి తీసుకున్నది ఆ పనికే గాని సాఫ్ట్‌వేర్‌కు కాదు.

శాసనం ఈ వాడుకను గమనించకపోలేదు. 1994 సవరణతో చేర్చిన 63బి సెక్షన్ ప్రకారం, దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా విధించవచ్చు. లాభం కోసం గాని వ్యాపారంలో గాని వాడలేదని తేలితే మాత్రం కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. అమ్మే యంత్రాల హార్డ్‌డిస్కులోకి సాఫ్ట్‌వేర్‌ను అనుమతి లేకుండా ఎక్కించి ఇచ్చే అలవాటు మీద ఢిల్లీ హైకోర్టు 2005లో మైక్రోసాఫ్ట్‌కు దాదాపు ఇరవై లక్షల రూపాయల నష్టపరిహారం ప్రకటించింది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ పేరు సాఫ్ట్‌వేర్ చట్ట చరిత్రలో మరో కారణంగా నిలిచింది. సీడీలో అమ్మే సాఫ్ట్‌వేర్ చేతికి అందని మేధోసంపద గనుక దానికి అమ్మకపు పన్ను వర్తించదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ చేసిన వాదనను, రాష్ట్ర ప్రభుత్వంతో జరిగిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబరులో తోసిపుచ్చి, పెట్టెలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని తేల్చింది. పన్ను శాఖకు సరుకైనది అసెంబుల్డ్ సిస్టమ్ బిల్లులో మాత్రం సరుకు కాలేకపోవడం ఈ వ్యాపారం విషయంలో చెప్పుకోదగ్గ వైరుధ్యం.

అయితే ఈ పట్టణాల్లో ఎవరూ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టలేదనుకోవడం తప్పు. డీటీపీ సెంటర్లనే చూడవచ్చు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఓటరు చీటీలు, సంతాపం పోస్టర్లు, దరఖాస్తు ఫారాలు కంపోజు చేసే ఈ దుకాణాలకు విండోస్ ఒక్కటే చాలదు. తెలుగు అక్షరం కావాలి. తెలుగు అక్షరం కంప్యూటర్‌లోకి మొదట తాళంతోనే వచ్చింది. ఐఐటీ కాన్పూరులో పుట్టి, 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థ చేతికి వచ్చిన జిస్ట్ పరిజ్ఞానం తొలిదశలో సాఫ్ట్‌వేర్ కాదు, యంత్రంలో బిగించే ఒక కార్డు. కార్డు ఉంటేనే తెలుగు, తీస్తే లేదు. తర్వాత వచ్చిన సీ-డాక్ వారి ఐఎస్ఎం, పూనా మాడ్యులర్ సంస్థ వారి శ్రీలిపి వంటివి డాంగుల్‌తో వచ్చాయి. డాంగుల్ అంటే ప్రింటరు తీగను తగిలించే పోర్టుకు, తర్వాతి కాలంలో యూఎస్‌బీ పోర్టుకు, తగిలించే బొటనవేలంత బిళ్ల. ప్రోగ్రాము తెరిచిన ప్రతిసారీ అది ఉందో లేదో చూసుకుని, లేకపోతే పనిచేయడం మానేస్తుంది. కుప్పం వంటి మూడు రాష్ట్రాల కూడలిలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా కంపోజు చేయవలసి వచ్చేది గనుక అన్ని లిపులూ ఒకే మూటలో దొరికే ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు విలువ ఎక్కువ. డాంగుల్‌కు కూడా దొంగ విరుగుడులు పుట్టాయన్నది నిజమే. కాని కొన్నవాడి చేతిలో ఒక వస్తువు ఉండేది, రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోవచ్చు, యంత్రం పాతబడితే కొత్తదానికి తగిలించుకోవచ్చు, దుకాణం ఎత్తేస్తే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆ బిళ్ల పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే గనుక దాన్ని ఆస్తిలాగే చూసుకున్నారు.

ఈ తెలుగు సాఫ్ట్‌వేర్‌కు విండోస్ చరిత్రతో మరో ముడి ఉంది. హైదరాబాదులో తయారైన అను ఫాంట్లు, అడోబ్ వారి పేజ్‌మేకర్ జంటగా దుకాణాల్లో స్థిరపడ్డాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ వరుసలో చివరిది, అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందుతరం సంకేత పద్ధతివి. యూనికోడ్ అంటే ప్రపంచ లిపులన్నింటికీ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్య కేటాయించిన ఉమ్మడి ఒప్పందం. విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే ఫాంటుతో ఆ పద్ధతిలో తెలుగును చూపగలిగినా, ఆ సౌకర్యాన్ని విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది, అందుకు విండోస్ సీడీలోని ఫైళ్లు అవసరమయ్యేవి. ప్రచురణ దుకాణాలు పాత జంటను వదలలేదు, ఆ జంట కోసం పాత విండోస్‌ను వదలలేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో మద్దతు ఆపివేసినా ఆ వ్యవస్థలు కంపోజింగు బల్లల మీద కొనసాగడానికి లైసెన్సు ధర కంటే ఈ అక్షరబంధమే బలమైన కారణమని చెప్పవచ్చు.

కుప్పం కథ కొంత వేరు. 1989 నుంచి నారా చంద్రబాబు నాయుడు శాసనసభలో ప్రాతినిధ్యం వహిస్తున్న ఈ నియోజకవర్గానికి ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల ప్రయోగాన్ని ప్రారంభించింది. దక్షిణాఫ్రికాలోని మొగలక్వేనాలో అదే సంస్థ నడిపిన ప్రయోగానికి ఇది జంట. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టి కంప్యూటర్లు, ఇంటర్నెట్ అందించడం, స్వయం సహాయక సంఘాల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌరఫలకం ఇచ్చి గ్రామ ఫోటోగ్రాఫర్లుగా తయారుచేయడం అందులో భాగాలు. ఈ కథకు అవసరమైన అంశం ఒకటే: పెద్ద కంపెనీ తయారుచేసిన యంత్రం విండోస్‌తో సహా అమ్ముడుపోతుంది, దాని పెట్టెకు మైక్రోసాఫ్ట్ వారి ధ్రువపత్రం స్టిక్కరు రూపంలో అంటించి ఉంటుంది. ఎస్పీ రోడ్డు విడిభాగాలతో బిగించిన సిస్టమ్‌కు అది ఉండదు. సంస్థలు కొన్నది ఒక రకం, బజారు కొన్నది ఇంకో రకం. ప్రయోగం గడువు ముగిశాక కుప్పంలో నిలిచినది బజారు రకమే. ఒక కార్పొరేట్ ప్రయోగం ఒక నియోజకవర్గంలో కంప్యూటర్ పట్ల ఆకాంక్షను పెంచగలదు గాని దాని సరఫరా వ్యవస్థను మార్చలేదని ఇక్కడి అనుభవం సూచిస్తుంది.

ఇక తెరమూలన రాత పుట్టుక. ఎక్స్‌పీతో వచ్చిన యాక్టివేషన్ పద్ధతిలో కీని, యంత్రంలోని విడిభాగాల గుర్తులను కలిపి ఒక సంఖ్య తయారుచేసి, ముప్పై రోజుల్లోగా ఇంటర్నెట్ ద్వారా గాని ఫోన్ ద్వారా గాని కంపెనీకి పంపాలి. అలా ఆ కీ ఆ యంత్రానికే అతుక్కుంటుంది. కాని వందల యంత్రాలున్న సంస్థలకు ఈ బాధ లేకుండా ఇచ్చిన ప్రత్యేక ప్రతులు, వాటి కీలు విడుదలకు ముందే బయటికి పొక్కి, దేశదేశాల దుకాణాల సీడీల్లోకి చేరాయి. 2005లో కంపెనీ విండోస్ జెన్యూన్ అడ్వాంటేజ్ పేరుతో, కొత్త ఫైళ్లు దింపుకోబోయేవారి ప్రతి అసలైనదో కాదో పరీక్షించే పద్ధతి తప్పనిసరి చేసింది. మరుసటి ఏడు ఆ పరీక్షలో తప్పినవారికి తెర మీదే హెచ్చరికలు రావడం మొదలైంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా మరీ కఠినంగా, గడువు దాటితే గంటసేపు బ్రౌజరు మాత్రం తెరవనిచ్చి తర్వాత బయటికి నెట్టేది. అసలు ప్రతి కొన్నవారు కూడా పొరపాటున ఈ శిక్షకు గురి కావడంతో ఏడాది తిరిగేసరికి కంపెనీ వెనక్కి తగ్గి, యంత్రాన్ని ఆపడం మాని డెస్క్‌టాప్‌ను నల్లగా మార్చి గుర్తుచేసే పద్ధతికి దిగింది. 2009 అక్టోబరులో విడుదలైన విండోస్ 7లో ఆ నల్లని తెర మీద, కుడిమూలన, ఈ ప్రతి అసలైనది కాదనే వాక్యం స్థిరపడింది. విండోస్ 10 నాటికి నింద పోయి, సెట్టింగుల్లోకి వెళ్లి యాక్టివేట్ చేసుకోమనే వినయపూర్వకమైన సూచన మిగిలింది. ఆ సూచన ఉన్నా యంత్రం నిరవధికంగా పనిచేస్తుంది. వాల్‌పేపరు, రంగులు వంటి అలంకారాలను సెట్టింగుల ద్వారా మార్చుకోవడం మాత్రం కుదరదు.

ఈ మెత్తదనం దయ కాదు. చైనాలో ఎలాగూ దొంగ ప్రతులే వాడతారు గనుక అవి తమవే అయితే మేలని, వాటికి అలవాటుపడ్డాక డబ్బు వసూలు చేసే దారి ఎప్పుడో దొరుకుతుందని గేట్స్ 1998లోనే ఒక విశ్వవిద్యాలయ సభలో అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమి బీఎస్ఏ అంచనాలో భారతదేశంలో లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వాటా 2011లో 63 శాతం, 2017లో 56 శాతం. పరిశ్రమ తన అవసరానికి వేసుకున్న అంచనా గనుక దాన్ని జాగ్రత్తగానే చదవాలి గాని, సగానికి పైగా యంత్రాలను ఆపేస్తే తన రాజ్యమే చిన్నదవుతుందన్న లెక్క కంపెనీకి ఉందని గ్రహించడానికి అంతకంటే ఆధారం అక్కరలేదు.

రాతను తీసివేసే పద్ధతులు రాతతో పాటే పరిణమించాయి. సంస్థల సౌకర్యం కోసం కంపెనీయే ఇచ్చిన గడువు పొడిగింపును మళ్లీ మళ్లీ వాడుకోవడం మొదటి దశ. విండోస్ అంతర్భాగాలను మార్చి పరీక్షను తప్పించడం రెండోది. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఒక అప్‌డేట్ అటువంటి డెబ్బైకి పైగా ఉపాయాలను పసిగట్టగలదని కంపెనీ ప్రకటించింది. మూడోది అన్నింటికంటే వ్యాపించింది, దాన్ని అర్థం చేసుకోవడానికి కళాశాలల వైపు చూడాలి. మదనపల్లె దగ్గర అంగళ్లులో 1998లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాల వంటి పెద్ద ప్రాంగణాలకు ఒక్కొక్క యంత్రాన్ని కంపెనీతో నమోదు చేయడం అసాధ్యం గనుక, సంస్థ లోపలే ఒక సర్వరు కాపలాదారుగా ఉండి కనీసం ఇరవై అయిదు యంత్రాలకు అనుమతి ఇచ్చే కేఎంఎస్ అనే పద్ధతిని విస్టా కాలంలో ప్రవేశపెట్టారు. ఆ అనుమతి 180 రోజులకే చెల్లుతుంది, యంత్రం ఆ లోగా ప్రాంగణపు నెట్‌వర్కుకు వచ్చి పునరుద్ధరించుకోవాలి. ఈ కాపలాదారుని వేషం వేసుకుని సొంత యంత్రంలోనే కూర్చుండిపోయే దొంగ ప్రోగ్రాములు తర్వాత పుట్టాయి. 'క్రాక్' అని అందరూ పిలిచే పెన్‌డ్రైవు సరుకులో ఎక్కువ భాగం ఇదే.

ఇందులో నష్టం కంపెనీకి మాత్రమే కాదు. దొంగ ప్రోగ్రాము పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది. మళ్లీ రాత రాకుండా ఉండాలంటే అప్‌డేట్లను ఆపమని మెకానిక్కే సలహా ఇస్తాడు. అప్‌డేట్ అంటే కొత్త అలంకారం కాదు, బయటపడిన కంతలను పూడ్చే మరమ్మతు. 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై అనే ప్రోగ్రాము, ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రకం, రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చిన కంత గుండానే దూరింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అక్కడ ప్రశ్న లైసెన్సు కాదు, వేళకు మరమ్మతు చేరకపోవడం; కాని రాత భయంతో అప్‌డేట్లు ఆపుకున్న ప్రతి దుకాణపు యంత్రమూ తనకు తానుగా అదే స్థితిని తెచ్చుకున్నదన్నది గమనించాలి.

చట్టం ఈ తొలగింపును ఎలా చూస్తుందన్న ప్రశ్నకు తొలి ఆనవాలు సెల్‌ఫోన్ల వ్యవహారంలో దొరుకుతుంది. రిలయన్స్ తక్కువ ధరకు ఇచ్చిన ఫోన్లు తన నెట్‌వర్కులోనే పనిచేసేలా వేసిన తాళాన్ని, ఫోనులోని గుర్తింపు సంఖ్యను మార్చి, పోటీ కంపెనీ ఉద్యోగులు తీసేశారన్న అభియోగం మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లో తీర్పు చెబుతూ, సెల్‌ఫోను కూడా కంప్యూటరేనని, ఆ సంఖ్యను మార్చడం సమాచార సాంకేతిక చట్టం 65వ సెక్షన్ కిందికి రాగలదని పేర్కొని దర్యాప్తును సాగనిచ్చింది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోనే 65ఎ సెక్షన్ చేరి, హక్కులను కాపాడే సాంకేతిక ఏర్పాటును ఉల్లంఘన ఉద్దేశంతో దాటవేయడం రెండేళ్ల దాకా జైలుశిక్షకు తగిన నేరమయింది. ఈ లెక్కన అనుమతి పరీక్షను మోసగించడం తాళం పగలగొట్టడమే. కేవలం రాతను కనబడకుండా చేయడం అంతకంటే చిన్న పని. తాళం అక్కడే ఉంటుంది, దాని మీది నోటీసు మాత్రం చిరుగుతుంది. లైసెన్సు మాత్రం రెండు విధాలా రాదు, అది లేని యంత్రాన్ని వ్యాపారంలో వాడినవారికి 63బి ఎలాగూ ఉండనే ఉంది.

ఇదే బల్ల మీద ఉండే మూడో తాళంతో పోలిస్తే వాటర్‌మార్క్ బలహీనత తేటపడుతుంది. బెంగళూరులో పుట్టిన ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేకపోతే ఎడ్యుకేషనల్ మోడ్‌లో, అంటే నేర్చుకునేవారి కోసం ఉద్దేశించిన పరిమిత రూపంలో, తెరుచుకుంటుంది. అన్ని మెనూలూ కనిపిస్తాయి, లెక్కలూ వస్తాయి, కాని నెలలో 1, 2, 31 తేదీలకు తప్ప పద్దు రాయనివ్వదు. మదనపల్లె టమోటా మార్కెట్టులో మండీ నడిపే కమీషన్ వ్యాపారికి మూడు తేదీలతో ఏ పనీ జరగదు. డాంగుల్ లేకపోతే అక్షరం ఆగుతుంది, ట్యాలీ లైసెన్సు లేకపోతే పద్దు ఆగుతుంది, విండోస్ లైసెన్సు లేకపోతే వాల్‌పేపరు మారదు. డబ్బు ఏ తాళానికి ముందు పోతుందో ఊహించడం కష్టం కాదు. దొంగ ప్రతుల సమస్యను నైతికతా లోపంగానో పేదరికంగానో వివరించే వాదనలు తరచూ వినిపిస్తాయి. ఆ రెండూ ఒకే వ్యక్తి ఒక సాఫ్ట్‌వేర్‌ను కొని, పక్కనే ఉన్న ఇంకో సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు కొనడో చెప్పలేవు.

లైసెన్సు ఉన్నవారి తెర మీద కూడా ఈ రాత పడిన సందర్భాలు తక్కువ కాదు. 2012లో విండోస్ 8తో పాటు కంపెనీ ల్యాప్‌టాప్‌లకు స్టిక్కరు మీద కీ ముద్రించడం పోయి, దాన్ని మదర్‌బోర్డులోని చిప్‌లోనే రాసి పంపడం మొదలైంది. ఆ కీ సాధారణంగా గృహ వినియోగపు రకానికి, తరచుగా ఒకే భాషకు పరిమితమైన సింగిల్ లాంగ్వేజ్ అనే చౌక రకానికి, చెందినది. యజమానికి ఆ సంగతి తెలియదు, చూపించడానికి స్టిక్కరు మీద అంకెలూ లేవు. యంత్రం నెమ్మదించి దుకాణానికి వెళ్తే, మెకానిక్ తన పెన్‌డ్రైవులో ఉన్న ప్రో రకాన్ని ఎక్కిస్తాడు. చిప్‌లోని కీకి, ఎక్కించిన రకానికి పొత్తు కుదరక మూలన రాత ప్రత్యక్షమవుతుంది. దాన్ని పోగొట్టడానికి క్రాక్ వేస్తాడు. డబ్బు పెట్టి కొన్న లైసెన్సు చిప్‌లో నిద్రపోతుండగా యజమాని దొంగ ప్రతి వాడుకరి అవుతాడు. అదే రకాన్ని తిరిగి ఎక్కించి ఇంటర్నెట్‌కు కలిపితే ఏ ఉపాయమూ లేకుండా ఆ రాత పోతుంది.

కొన్నదానికి రుజువు కొన్నవారి చేతిలోంచి సర్వరులోకి మారడం విండోస్‌కే పరిమితమైన పరిణామం కాదు. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలోనే తొలిగా మొదలైన మీసేవ కేంద్రాల్లో కుల, ఆదాయ ధ్రువపత్రాలు అధికారి చేతి సంతకంతో కాక డిజిటల్ సంతకంతో రాసాగాయి. పత్రం అసలుదో కాదో తేల్చేది దాని మీది ముద్ర కాదు, సర్వరులో దాని సంఖ్యకు ఎదురుగా ఉన్న నమోదు. పుంగనూరులో ఆ పత్రం కోసం వచ్చినవారు మాత్రం కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రపరచుకుంటూనే ఉన్నారు. అలవాటు పడని రుజువు మీద నమ్మకం కుదరడానికి కాలం పడుతుంది.

రాత అన్నదే లేని దారి కూడా ఉన్నది. లైనక్స్ ఆధారిత వ్యవస్థలను ఎవరైనా నకలు చేసుకోవచ్చు, పంచవచ్చు; 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం వాటిని తెలుగులోకి తెచ్చింది, సీ-డాక్ తన బాస్ లైనక్స్‌లో తెలుగుకు చోటిచ్చింది, కేంద్ర ప్రభుత్వం కూడా 2005లో తెలుగు ఫాంట్లు, ఉపకరణాల సీడీని ఉచితంగా పంచింది. పొరుగు తమిళనాడు, కేరళ ప్రభుత్వ వ్యవస్థలు లైనక్స్ మీద గట్టిగానే పనిచేశాయి. అయినా డీటీపీ బల్ల కదలలేదు. పేజ్‌మేకర్, అను, ట్యాలీ విండోస్ కోసమే తయారైనవి, వాటిని వదిలి ఉచిత వ్యవస్థకు మారడమంటే వేల రూపాయల లైసెన్సు మిగుల్చుకుని చేతి అలవాటును, పాత ఫైళ్లను పోగొట్టుకోవడమే.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. దాని తర్వాతిదైన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసరు ఉన్న యంత్రాలకే అధికారికంగా దొరుకుతుంది. పాత విండోస్ 7, 8 కీలతో ఉచితంగా పైకి ఎక్కే దారిని కంపెనీ 2023లో మూసివేసింది. అర్హత లేని పాత యంత్రంలో విండోస్ 11 ఎక్కించినవారికి కొన్ని విడుదలల్లో, లైసెన్సు సక్రమంగా ఉన్నా, తెర కుడి అడుగుమూలన అదే చోట ఇంకొక రాత కనిపించసాగింది: ఈ సిస్టమ్‌కు కావలసిన అర్హతలు లేవని. దీన్ని పోగొట్టే కీ ఏ ధరకూ అమ్మకానికి లేదు.